గుర్తింపు లేని ఇల్లు

లూర్దమ్మ ఇంట్లో అన్నం పారేస్తే తిట్లు పడతాయి. సాయంత్రం జపమాలలో కునికితే చెవి మెలిపెడతారు. ఇవన్నీ మామూలు తప్పులు. ఆ ఇంట్లో క్షమాపణ లేని నేరం మాత్రం ఒక్కటే: జసింత మాట్లాడుతుంటే మాట అందించడం.

జసింత ఆఖరిది. ఎనిమిదేళ్ళు. మాట గొంతు దాకా హుషారుగానే వస్తుంది. పెదాల దగ్గరికి వచ్చేసరికి గడప తగిలినట్టు ఆగిపోతుంది. కాసేపు ఆగితే గడప దాటుతుంది కూడా. బళ్ళో ఎవరికీ ఆ కాసేపు ఉండేది కాదు. హాజరు పిలిచినప్పుడు ఆ పిల్ల "ప్ర... ప్ర..." అనగానే క్లాసంతా కలిసి "ప్రెజెంట్ టీచర్!" అని అరిచేది. ఆ పిల్ల బళ్ళో ఉన్నదన్న మాట కూడా ఇంకొకళ్ళే చెప్పేవాళ్ళు. ఏడాది తిరిగేసరికి జసింత మాట్లాడడమే మానేసింది.

లూర్దమ్మ మిర్చి కోతలకు పోయే ఇంట్లో పుట్టి, ఆ ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదివిన మనిషి. బియ్యస్సీ లెక్కలు. ఆ చదువు సొంత పిల్లకు కాకపోతే ఎవరికని చిన్నదాన్ని ఇంట్లో కూర్చోబెట్టుకుంది. అది చూసి పెద్దది ఆగ్నేసు, నడిపివాడు రఫాయేలు, "మేమేం పాపం చేశాం?" అంటూ సంచులు తెచ్చి వంటింట్లో పడేశారు. అప్పట్నుంచీ ఆ ఇంట్లో భిన్నాలు పెసరట్టు మీద, విద్యుత్తు వాళ్ళ నాన్న జోజప్ప నడిపే మోటారు వైండింగ్ షాపులో. పొద్దున సత్యోపదేశం, అంటే మత పాఠం. మిట్టమధ్యాహ్నం చిన్న గంట కొట్టి త్రికాల జపం. జసింత మళ్ళీ మాట్లాడడం మొదలుపెట్టింది. ఆ ఊరి చర్చి విచారణ గురువులు ఫాదర్ గాబ్రియేలు ఒకరోజు కాఫీకి వచ్చి, ఆ పిల్ల బైబిలు చదవడం విని, "లూర్దుమాత పండుగ పూజలో మొదటి పఠనం మన జసింతదే" అనేశారు. ఆ మాట లూర్దమ్మ కొంగున ముడేసుకుంది. ఊరందరి ముందు తన పిల్ల, తన నోటితో, మొదటి మాట నుంచి చివరి మాట దాకా.

సరిగ్గా అప్పుడే ప్రభుత్వానికి ఒక ఉత్సాహం పుట్టింది. దాని పేరు "గుర్తింపు లేని బడులను గుర్తించే పక్షోత్సవాలు."

ప్రతి మండలం కొన్ని గుర్తింపు లేని బడులను గుర్తించి తీరాలి. కొమ్మూరిపాడు మండలానికి ఇదొక చిక్కు. అక్కడ ఉన్న బడులన్నిటికీ గుర్తింపు ఉంది. విద్యాధికారి పానకాలరావు గారు అటెండర్ చలమయ్యను బండి వెనక ఎక్కించుకుని వీధులన్నీ గాలించారు. ట్యూషన్లు కనబడ్డాయి, టైలరింగు సెంటర్లు కనబడ్డాయి, బడి మాత్రం కనబడలేదు. పక్షం ముగిసిపోతున్న రోజున ఒక సందులో గంట మోగింది. ఆ వెంటనే పిల్లల గొంతులు ఒక్కసారిగా ఏదో వల్లించాయి. గోడ మీద పాలరాతి పలక, దాని మీద "తిరుకుటుంబ నిలయం", కింద ఇంగ్లీషులో "హోలీ ఫ్యామిలీ."

"దొరికింది!" అన్నారు పానకాలరావు, బండి ఆగకముందే దిగబోతూ.

గేటు దగ్గరికి రఫాయేలు వచ్చాడు, వెనకే అక్కా చెల్లెలూ. వాడు జపం ముగించి, అప్పుడే అందుకున్న ఇంగ్లీషు పాఠం మధ్యలోంచి లేచివచ్చాడు.

"ఫాదర్ గారున్నారా బాబూ?"

"ఫాదర్ స్నానం చేస్తన్నారండీ. ఇవాళ షాపు సెలవు."

"మదర్?"

"మదర్ ఫాదర్‌కి వీపు రుద్దుతోందండీ."

చలమయ్య చేతిలో పెన్ను జారి కింద పడింది. పానకాలరావు గేటు పట్టుకున్నారు.

"నువ్వెవరు?"

"నేను బ్రదర్నండీ. వీళ్ళిద్దరూ సిస్టర్సు."

పానకాలరావు కాసేపు సిస్టర్స్‌ను చూశారు. ఒక సిస్టర్‌కు పదమూడేళ్ళుంటాయి. రెండో సిస్టర్ ముందుపళ్ళు రెండూ ఊడి ఉన్నాయి. ఆయన ఆ చిన్న సిస్టర్ వైపు వంగారు. "చెప్పమ్మా, ఇదేంటి? బడా?"

జసింత నోరు తెరిచింది. "కా... కా..."

"కాన్వెంటు!" అన్నారు పానకాలరావు. "రాసుకో చలమయ్యా. విద్యార్థి వాంగ్మూలం: కాన్వెంటు."

జసింత మాట ఇంకా గడప దగ్గరే ఉంది. వాళ్ళ బండి సందు మలుపు తిరిగిపోయింది.

"నేను కా... కాదండీ అనబోయానమ్మా," అంది ఆ పిల్ల తల్లితో, కళ్ళనిండా నీళ్ళతో.

"తెలుసులే తల్లీ," అంది లూర్దమ్మ. "రేపు పోయి నేను చెప్పొస్తా. చదువుకున్నోళ్ళు, చెప్తే అర్థం కాదా ఏంది?"

మర్నాడు ఆఫీసులో పానకాలరావు ఆవిడను లేచి నిలబడి ఆహ్వానించారు. "రండి మదర్. అభినందనలు."

"ఎందుకండీ?"

"మీ బడికి గుర్తింపు వచ్చింది."

"నేను అడగలేదే!"

"మీరు అడగక్కర్లేదు. మీది గుర్తింపు లేని బడి అని మేం గుర్తించాం. ఒకసారి ప్రభుత్వం గుర్తించాక, దానికి గుర్తింపు లేదని ఎవరైనా అనగలరా? అంటే ప్రభుత్వం గుర్తించినా గుర్తింపు కాదనా?" ఆయన తన తర్కానికి తానే మురిసిపోయి కుర్చీలో వెనక్కి వాలారు. "దరఖాస్తు లేకుండా గుర్తింపు పొందిన మొదటి బడి మీదే. స్వీట్లేవీ?"

"సార్, అది బడి కాదండీ. మా ఇల్లు. మా పిల్లలకి ఇంట్లోనే చెప్పుకుంటున్నాం. హోమ్ స్కూలింగ్ అంటారు, చూడండి, అది."

"హోమ్!" పానకాలరావు ముఖం వికసించింది. "హాస్టల్ కూడా ఉందన్నమాట! చలమయ్యా, రెసిడెన్షియల్ అని కలుపు."

లూర్దమ్మ ఇంకో రెండు మాటలు మాట్లాడి ఉంటే అది విశ్వవిద్యాలయం అయ్యుండేది. భయపడి వచ్చేసింది.

ఆ తర్వాత ఉత్తర్వులు వచ్చాయి. పిల్లలు తొమ్మిదికల్లా యూనిఫాం వేసుకుని గేటులోంచి బడికి రావాలి. రావాలంటే ముందు బయటికి పోవాలి. కాబట్టి రోజూ పొద్దున ముగ్గురూ పెరటి తలుపులోంచి ఇంట్లో నుంచి బయటపడి, సందు చుట్టి, గేటు దగ్గర వరసగా నిలబడి, "మే ఐ కమిన్ మదర్?" అనేవాళ్ళు. లూర్దమ్మ గరిటె చేత్తోనే "కమిన్" అనేది. ఒకరోజు రఫాయేలు ఆలస్యమయ్యాడు. సొంత ఇంటి నుంచి సొంత ఇంటికి రావడంలో వాడికి దారిలో గోళీలాట తగిలింది.

ఇక తల్లిదండ్రుల సమావేశం. పానకాలరావు స్వయంగా వచ్చి కూర్చున్నారు. లూర్దమ్మ బల్లకు ఇవతల కూర్చుని తల్లిగా ప్రశ్న అడగాలి. లేచి, అవతల కూర్చుని ప్రధానోపాధ్యాయినిగా జవాబు చెప్పాలి.

"మా రఫాయేలుకి ఎక్కాలు రావట్లేదు, మీరేం చేస్తన్నారు?" అని అడిగింది లూర్దమ్మ. లేచి అటువైపు వెళ్ళింది. "ఇంటికాడ మీరు కాస్త కూర్చోబెడితే వస్తాయి," అంది. మళ్ళీ ఇటు వచ్చింది. "ఇంటికాడ నాకు పనుండదా? అన్నీ నేనే చెప్పుకుంటే ఇంక మీరెందుకు?" అంది, నిజంగానే కోపం వచ్చి.

పానకాలరావు నివేదికలో రాశారు: "వాగ్వాదం జరిగినది. ఇరుపక్షాలను శాంతింపజేయడమైనది."

భోజనం రుచి చూడడానికి తల్లుల కమిటీ ఉండాలన్నారు. లూర్దమ్మ అధ్యక్షురాలు, లూర్దమ్మ సభ్యురాలు. లూర్దమ్మ వండిన పప్పు లూర్దమ్మ రుచి చూసి, ఉప్పు తక్కువైందని లూర్దమ్మకు మెమో ఇచ్చింది. జోజప్ప సంగతి ఇంకా ఇబ్బంది. ఆడపిల్లల హాస్టల్లో మగవాళ్ళు ఉండకూడదు. పానకాలరావు దయతలచి ఆయన్ని వాచ్‌మన్‌గా చూపించారు. వాచ్‌మన్ వరండా దాటి లోపలికి రాకూడదు. జోజప్ప వరండాలో మంచం వేసుకుని, కిటికీలోంచి అన్నం పళ్ళెం అందుకుంటూ, "పెళ్ళికి ముందు కూడా మీ ఇంటి కిటికీ కాడ ఇట్టాగే నిలబడేవాణ్ణి కదే," అనేవాడు. లూర్దమ్మకు నవ్వు వచ్చేది. ఆ నవ్వుతోనే ఆ దినాలు గడిచాయి. ఎందుకంటే, ఎన్ని వేషాలు వేయించినా, అంట్లు తోముకున్నాక తల్లీ కూతుళ్ళు పెరట్లో కూర్చుని పఠనం చదువుకునే ఆ కాసేపు మాత్రం ఏ ఉత్తర్వూ ముట్టుకోలేదు. జసింత మొదటి వాక్యం దాటింది. రెండోదీ దాటింది.

ఈలోగా పానకాలరావుకు ఒక విషయం మనసులో ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. ఫాదర్, మదర్, వీపు. చివరికి ఉండబట్టలేక బిషప్ గారికి ఫిర్యాదు పంపారు. బిషప్ గారు అది చదివి అదిరిపడి, ఫాదర్ గాబ్రియేలుకు ఫోను చేశారు. ఫాదర్ గాబ్రియేలు స్కూటరు మీద నేరుగా విద్యాధికారి ఆఫీసుకు వచ్చారు.

"ఏ ఫాదరండీ ఆ పని చేసింది?"

"జోజప్ప గారు."

"జోజప్పా! వాడికి పెళ్ళయింది కదండీ."

"అదే మా ఆరోపణ."

"ఆరోపణేంటి, నేనే దగ్గరుండి చేశా ఆ పెళ్ళి."

పానకాలరావు కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నారు. "ఫాదర్‌కీ మదర్‌కీ పెళ్ళి మీరే చేశారా?"

"అప్పటికి వాళ్ళు ఫాదరూ మదరూ కాదుగా. పెళ్ళయ్యాకే అయ్యారు."

పానకాలరావు గ్లాసెడు నీళ్ళు తాగారు. గొంతు తగ్గించి అడిగారు. "మీలో పెళ్ళి చేసుకుంటేనే ఫాదర్ అవుతారా?"

"అందరిలోనూ అంతే కదండీ!" అన్నారు ఫాదర్ గాబ్రియేలు ఆశ్చర్యపోయి.

ఫైల్లో ఇలా చేరింది: "సదరు సంస్థలో ఇది ఆచారమని విచారణ గురువులు ధ్రువీకరించినందున ఆ అంశము మూసివేయడమైనది." ఫైలు మూసే ముందు పానకాలరావు అలవాటుగా ఇంకోసారి చూశారు. ముగ్గురు విద్యార్థులూ మదర్ సొంత పిల్లలే కావడంలో ఒక తప్పుందని అప్పుడు ఆయనకు తట్టింది. అది ఆశ్రిత పక్షపాతం.

"బంధువులు చదివే బడిలో హెచ్చెమ్ ఉండకూడదు," అన్నారు లూర్దమ్మను పిలిపించి. "మార్చాలి."

"పోనీ పిల్లల్ని మార్పించండి సార్. వేరే బడికి పోయారని రాసి వాళ్ళని నాకొదిలేయండి."

"పిల్లల్ని మారిస్తే బడి ఖాళీ అయిపోదూ? ఒక్క బడీ ఖాళీ కాకూడదన్నది ప్రభుత్వ ఆశయం. మిమ్మల్నే మారుస్తున్నాం. ఇవాళ్టి నుంచి మీరు ఈ ఆఫీసులో డెప్యుటేషన్. మదర్ పోస్టు ఖాళీ అయింది కాబట్టి కొత్త మదర్ వస్తారు."

కొత్త మదర్ సాయంత్రమే వచ్చారు. యాభై ఏళ్ళ మనిషి, బట్టతల, తెల్లమీసం, భుజాన తువ్వాలు.

"నా పేరు కోటిలింగమండీ," అన్నాడాయన గేటు దగ్గర జోజప్పతో, ఎంతో వినయంగా. "మదర్ పోస్టులో జాయినవడానికొచ్చా."

జోజప్ప ఆయన్ని తల నుంచి కాళ్ళ దాకా చూశాడు. "బట్టతలకి కొబ్బరినూనె ఉందిలెండి లోపల," అని మాత్రం అన్నాడు.

కోటిలింగం మాస్టారు మంచివాడు. అదే వచ్చిన తంటా. ఉద్యోగ విధుల్లో "జడలు వేయుట" అని ఉంటే నేర్చుకుని మరీ వేశాడు. ఆగ్నేసు రెండు జడలూ రెండు దిక్కులు చూస్తుండేవి. ఆదివారం తలంట్లు పోశాడు. జోజప్ప షాపు నుంచి ఆలస్యంగా వస్తే నడుముమీద చేతులేసుకుని, "ఏమిటండీ ఫాదర్ గారూ, ఇంతసేపా? కూర చల్లారిపోయింది," అని నిలదీశాడు. రఫాయేలు వారంలోపే ఆయనతో గోళీలు ఆడి గెలిచాడు.

లూర్దమ్మ ఎదురింటి ఇజబెల్లమ్మ దగ్గర పడుకునేది. హాస్టల్లో తల్లిదండ్రులు ఉండరాదు. ఆదివారం నాలుగింటికి ములాఖాత్. ఆవిడ తన ఇంటి గేటు బయట, మిరపకాయ బజ్జీల పొట్లంతో, కొత్త మదర్ పిలిచేదాకా నిలబడింది.

జసింత పరుగెత్తుకొచ్చి తల్లి నడుం చుట్టేసింది. ఏమీ అనలేదు.

"ఏం తిన్నావే?"

తల ఊపింది.

"పఠనం చదువుతన్నావా?"

తల అడ్డంగా ఊపింది.

"పాప బంగారమండీ," అన్నాడు కోటిలింగం మాస్టారు. "నోరు తెరవడమే ఆలస్యం, నేను ఇట్టే పట్టేసుకుంటా. 'నీ...' అనగానే నీళ్ళు ఇచ్చేస్తా."

"నీలం పెన్సిలు అడిగిందండీ అది," అంది ఆగ్నేసు కసిగా. "రోజూ నీళ్ళే తాగుతోంది. ఇప్పుడు అడగడం మానేసింది."

లూర్దమ్మకు అప్పటిదాకా వచ్చిన నవ్వంతా ఆ గేటు దగ్గర ఆగిపోయింది. ఇల్లు పోతే పోయింది, మళ్ళీ వస్తుంది. పిల్ల నోట్లోంచి మాట మళ్ళీ పోతోంది. పండుగ ఎంతో దూరంలో లేదు.

మర్నాడు పొద్దున్నే పానకాలరావు బల్ల ముందు నిలబడింది. "సార్, అసలు ఇది బడి అని ఎవరు చెప్పారు మీకు?"

"విద్యార్థే చెప్పింది. రికార్డులో ఉంది. కాన్వెంటు అని."

"అది తప్పని నేను చెప్తున్నా కదండీ."

"మీరెవరు చెప్పడానికి? వాంగ్మూలం ఇచ్చిన మనిషే స్వయంగా సవరించాలి. తన మాటల్లో, తన నోటితో." ఆయన వేలు పైకెత్తారు. "పక్కవాళ్ళు మాట అందిస్తే ఆ వాంగ్మూలం చెల్లదు."

లూర్దమ్మ ఆ వేలు వంకే చూసింది. "ఎవరు అందించినా చెల్లదా సార్?"

"ఎవరు అందించినా."

"మీరు అందించినా?"

పానకాలరావుకు ఇది తన నిజాయితీకి పరీక్షలా తోచింది. "నేను అందించినా సరే!" అన్నారు బల్ల గుద్ది.

"ఆ ముక్క రాసివ్వండి సార్."

పండుగ రేపనగా విచారణ జరిగింది. వరండాలో జోజప్ప మంచం పక్కకు లాగి బల్ల వేశారు. పానకాలరావు, చలమయ్య, సాక్షిగా ఫాదర్ గాబ్రియేలు. ములాఖాత్ వేళ కాదు కాబట్టి లూర్దమ్మ గేటు బయటే. ఇజబెల్లమ్మతో సహా సందంతా ఆవిడ వెనక.

"చెప్పమ్మా," అన్నారు పానకాలరావు. "ఇది బడేనా?"

జసింత ముందు తల అడ్డంగా ఊపింది.

"తల ఊపితే చెల్లదు. నోటితో."

పిల్ల గేటు వైపు చూసింది. లూర్దమ్మ ఏమీ అనలేదు. ఎప్పుడూ పెరట్లో కూర్చున్నట్టే, ఎక్కడికీ పోవాల్సిన పని లేనట్టు, నిలబడింది.

"కా..." అంది జసింత.

పానకాలరావు పెదాలు వాటంతటవే కదిలాయి. రఫాయేలు బల్ల మీద, ఆయన లూర్దమ్మకు రాసిచ్చిన కాగితం ఆయన ముందుకు జరిపాడు. ఆయన పెదాలు మూసుకున్నారు.

"కా... కా..."

కోటిలింగం మాస్టారు సాయం చేయబోయి, గుర్తొచ్చి, తువ్వాలు కొస నోట్లో కుక్కుకున్నాడు. లోపల కుక్కరు విజిల్ వేసింది. ఎవరూ కదల్లేదు. చలమయ్య టీలో మీగడ కట్టింది. పానకాలరావు ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ ఎదుటి మనిషి మాట కోసం ఇంతసేపు ఆగింది లేదు. నుదుటి మీద చెమట పట్టింది. కాన్వెంటు, కాలేజీ, కార్యాలయం, ఎన్ని మాటలో ఆయన నాలుక కొసకు వచ్చి, ఒక్కొక్కటీ వెనక్కి పోయాయి.

"కా... కాదండీ."

సందులో ఇజబెల్లమ్మ "స్తోత్రం ప్రభువా" అంది. లూర్దమ్మ ఆవిడ మోచేయి నొక్కింది. మాట ఇంకా అయిపోలేదు.

"ఇ... ఇది మా ఇల్లు. ఆమె మదర్ కాదు. మా అమ్మ. ఆ... ఆయన ఫాదర్ కాదు. మా నాన్న." జసింత కోటిలింగం మాస్టారి వైపు చూసి కాస్త ఆలోచించింది. "ఈయన మం... మంచోడే. కానీ అమ్మ కాదు."

మాస్టారు తువ్వాలు నోట్లోంచి తీసి కళ్ళు తుడుచుకున్నాడు. "రిలీవింగ్ ఆర్డరు ఇప్పించండి సార్," అన్నాడు. "జడలు నావల్ల కావట్లేదు."

పానకాలరావు చాలాసేపు రాశారు. గొంతు సవరించుకుని చదివారు: "గుర్తింపు లేని బడిగా గుర్తించి, తద్వారా గుర్తింపు పొందిన సదరు బడి, బడే కాదని గుర్తించడమైనది. కావున దాని గుర్తింపును, గుర్తింపు లేనితనాన్ని ఏకకాలములో రద్దు పరచడమైనది."

"అంటే నేను లోపలికి రావచ్చా అండీ?" అని అడిగింది లూర్దమ్మ.

గేటు తీసింది జోజప్ప. వాచ్‌మన్‌గా అదే ఆయన చివరి డ్యూటీ.

"రేపటి పఠనం సిద్ధమేనా?" అని ఫాదర్ గాబ్రియేలు అడుగుతుండగానే జసింత తల్లి చెయ్యి పట్టుకుని పెరట్లోకి లాగుతోంది. పానకాలరావు చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేసి లేచారు. అంత పెద్ద ఫైలు, అన్ని ఉత్తర్వులు, ఒక డెప్యుటేషన్, ఒక కొత్త మదర్. అన్నీ వృథా అయ్యాయని ఆయనకు నిజంగా బాధేసింది. మెట్ల దగ్గర ఆగి, వెనక్కి తిరిగారు.

"అయినా పాపా, ఇది బడి కాదని మొదటిరోజే చెప్పొచ్చు కదా? ఎందుకు చెప్పలేదు?"

జసింత ఆగింది. "చె... చె..."

ఈసారి ఉత్తర్వేమీ లేకపోయినా, ఆయన ఆగారు.

"చెబుతూనే ఉన్నానండీ."